కరవునాటి మరణములు: సీమకు సీమకు గల భేదము



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము వినుటకు ఇంపైనది కాదు. పూర్వము కరవులలోను తెవుళ్లలోను ఏ సీమలో ఎందరు మరణించిరి, ఒకచోట ఎక్కువగను వేరొకచోట తక్కువగను ఏల మరణించిరి అనునదియే నేను చెప్పబూనినది. సాయంకాలపు వేళ చావుల ముచ్చట యేల యని మీలో కొందరనుకొనవచ్చును. అయినను ఊరికి పెద్దలైనవారు తప్పక ఎరుగవలసిన సంగతులలో ఇదియొకటి యని నమ్మి సాహసించుచున్నాను.

నేను కోనరావుపేట ప్రాంతమున బడిపంతులుగా పనిచేసినవాడను. మన దేశమున జనాభా లెక్కలు వ్రాయు పని పంతుళ్ల నెత్తినే పడునని మీరెరుగుదురు. 1991వ సంవత్సరపు లెక్కలలో స్త్రీల నడుగవలసిన ప్రశ్న యొకటి యుండెను. మొత్తము మీద ఎందరు బిడ్డలను కంటివి, వారిలో ఎందరు బ్రతికియున్నారు అని. ఒక ముసలమ్మ నట్లడిగితిని. "ఏడుగుర్ని కన్న సారూ, దక్కింది ముగ్గురే" అనెను. ఒక గడిలో ఏడు, వేరొక గడిలో మూడు అని వేసి లేవబోవుచుండగా ఆమె నా చేతి కాగితమువైపు చూచి "సచ్చినోళ్లను రాయవా సారూ?" అని అడిగెను. వారిని వ్రాయుటకు గడి లేదంటిని. ఆమె ఊరకుండలేదు. ఒకడు గత్తరకు పోయెననియు, ఒకతె అమ్మవారు పోసి పోయెననియు, ఇద్దరు పేరు పెట్టకమునుపే పోయిరనియు వ్రేళ్లు మడచి చెప్పెను. నాటినుండి ఆ ప్రశ్న నన్ను విడువలేదు. బ్రతికినవారి లెక్క ప్రభుత్వము పదేండ్లకొకసారి వ్రాయించుచు వచ్చినది. చచ్చినవారి లెక్క ఎక్కడనున్నది? దానిని చదువుట యెట్లు?

మొదట లెక్క పద్ధతిని రెండు మాటలలో చెప్పెదను. వేయిమంది గల ఊరిలో ఏడాదికి ఇరువదిమంది చనిపోయినచో మరణముల వడి వేయింటికి 20 అని చెప్పుదురు. అయిదువేలమంది గల ఊరిలో అరువదిమంది చనిపోయినచో అది వేయింటికి 12. చచ్చినవారి సంఖ్య రెండవ ఊరిలో ఎక్కువయైనను మృత్యువు బలము మొదటి ఊరిలోనే ఎక్కువ. ఊరికి ఊరిని, సీమకు సీమను పోల్చదలచినవారు ఈ వేయింటి లెక్కనే పట్టవలెను. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు దేశమందు విలియం ఫార్ అను లెక్కల పండితుడు తన దేశపు జిల్లాల నిట్లే పోల్చి చూచెను. ఆరోగ్యకరమైన పల్లెసీమలలో వేయింటికి 17 మంది మాత్రమే చనిపోవుచుండిరి. లివర్పూలు వంటి మురికిపట్టణములలో అంతకు రెట్టింపుగా పోవుచుండిరి. 17 వరకు ప్రకృతిధర్మ మనుకొందము, దానికి మించిన ప్రతి చావు మనుష్యులు ఆపదగిన చావే అని ఆయన వాదించెను. ఈ యొక్క మాటలో గొప్ప యుక్తి గలదు. మంచి సీమను కొలబద్దగా పెట్టి చెడ్డ సీమను కొలిచినచో విధివ్రాత యెంతయో, మన లోపమెంతయో తేలును.

ఆ కొలబద్దతో మన తెలుగుదేశమును చూతము. 1876వ సంవత్సరమున వానలు పోయెను. అది ధాత నామ సంవత్సరము. మరుసటి ఈశ్వర సంవత్సరమునను సకాలమున వానలు రాలేదు. దక్షిణదేశ మంతయు అలమటించిన ఆ క్షామమును జనులు ధాత కరవని చెప్పుకొనిరి. మదరాసు, బొంబాయి రాజధానులు, మైసూరు, హైదరాబాదు రాజ్యములు దాని నోటబడెను. భారతదేశమున అప్పుడు మరణించినవారు అరువది లక్షలకు చేరువగానో అంతకు మించియో యుందురని చరిత్రకారులు లెక్కించిరి.

అప్పటి మదరాసు రాజధాని మొత్తము తీసికొని చూచినచో ఆ ఘోరము మనకు గోచరింపదు. 1871లో ఆ రాజధాని జనసంఖ్య రమారమి 3 కోట్ల 12 లక్షలు; 1881లో 3 కోట్ల 8 లక్షలు. పదేండ్లలో నాలుగు లక్షలు తగ్గుట యేపాటి యని దొరలు తేలికగా అనుకొనవచ్చును. కాని సగటు అనునది గొప్ప మాయలాడి. జిల్లాల వారీగా విడదీసి చూచినప్పుడు గుండె ఝల్లుమనును. ఆ పదేండ్లలో కర్నూలు జిల్లాలో జనులు ఇంచుమించు నాలుగవ వంతు తగ్గిరి. బళ్లారి జిల్లాలో, నాడు అనంతపురము దానిలోనిదే, 16 లక్షల 60 వేలకు మించియున్న జనము 13 లక్షల 40 వేలకు దిగెను. అనగా అయిదింట ఒక వంతు లేకపోయెను. కడపలో ఆరవ వంతు, నెల్లూరిలో తొమ్మిదవ వంతు తగ్గిరి. అదే కాలమున కృష్ణాజిల్లాలో 14 లక్షల 52 వేలుగా నున్న జనము 15 లక్షల 48 వేలకు పెరిగెను. గోదావరి జిల్లాలో రమారమి పదవ వంతు పెరిగెను. ఒకే భాష, ఒకే ప్రభుత్వము, ఒకే కరవు. ఒకచోట నలుగురిలో ఒకడు మాయమయ్యెను. నూరు కోసుల దూరము లేని వేరొకచోట ఊళ్లు పెరిగెను.

గోదావరి, కృష్ణా తీరవాసులు పుట్టుకతో గట్టివారనియు, సీమవాసులు బలహీనులనియు చెప్పుటకు వీలు లేదు. దీనికి సాక్ష్యము కృష్ణాతీరముననే గలదు. 1832-33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమకు ఘోరమైన కరవు వచ్చెను. ప్రజల డొక్కలు మాడినవి గనుక దానికి డొక్కల కరవని పేరు వచ్చెను. అయిదు లక్షల జనము గల ఆ జిల్లాలో లక్షన్నర మొదలు రెండు లక్షల వరకు పోయిరని నాటి అధికారుల అంచనా. ధాత కరవునాటికి గుంటూరు సీమ కృష్ణాజిల్లాలో కలిసియుండెను. కాబట్టి ఇప్పుడు నేను చెప్పిన పెరిగిన జిల్లాలో ఈ డొక్కల కరవు నేలయు నున్నది. నలువదినాలుగేండ్ల అంతరమున ఒకే నేల రెండు కరవులను చూచెను. మొదటిసారి వల్లకాడయ్యెను. రెండవసారి నిలిచెను.

ఈ నడుమ జరిగినదేమి? ధవళేశ్వరము వద్ద గోదావరికి 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట కట్టిరి. కాటన్ దొర దానిని నడపించెనని మీరందరెరిగినదే. బెజవాడ వద్ద కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తియయ్యెను. పైదేశమున కురిసిన వాన ఈ నదులలో దిగివచ్చి, స్థానికముగా చినుకు లేకున్నను కాలువల వెంట పొలములకు పారెను. వరి పండెను. పండిన పంట వలన కూలివానికి కూలి దొరకెను. కరవుసీమలనుండి ప్రాణములు గుప్పిట పట్టుకొని వచ్చినవారును అచట చేరిరి.

ఇచట పెద్దలొక సందేహమడుగవలెను. పదేండ్లకొకసారి తీసిన లెక్కలో తగ్గినవారందరు చనిపోయినవారేనా? కాదు. తగ్గుదలలో మూడు పాళ్లు కలిసియుండును. చనిపోయినవారొక పాలు, ఊరు విడిచిపోయినవారొక పాలు, పుట్టవలసియు పుట్టనివారు మూడవ పాలు. ఆకలితో నున్న తల్లికి గర్భము నిలువదు. కరవు ముదిరిన తొమ్మిది పదినెలల పిమ్మట ప్రతి జిల్లాలోను పుట్టుకలు పడిపోవుట లెక్కలలో కనుపించుచున్నది. అట్లే ఒక సీమ విడిచినవాడు వేరొక సీమలో లెక్కకు వచ్చును. అందువలన కర్నూలులో నాలుగవ వంతు చచ్చిరని తెగవేసి చెప్పరాదు. చావుల చిట్టాలున్నవి గదా యందురేమో. ఊరి లెక్క వ్రాయువాడే వలసపోయినప్పుడు, దారి ప్రక్కన పడిన శవము ఏ ఊరిదో తెలియనప్పుడు ఆ చిట్టాలు నిండవు. చావులు పెచ్చుపెరిగిన చోటనే లెక్క మిక్కిలి లోపించును. ఇది చరిత్ర చదువువారు మరువరాని సంగతి.

ఇక మృత్యువు ఏ రూపమున వచ్చెనో చూతము. కేవలము అన్నములేక కడుపెండి పోయినవారికంటె రోగముల పాలైనవారే ఎక్కువ. కరవువేళ బావులడుగంటును. మిగిలిన బురదనీటినే ఊరంతయు త్రాగును. గత్తర వచ్చును. కూలికై వేలకొలది జనము ఒకచోట గుమిగూడును. మశూచి, రక్తవిరేచనములు అంటుకొనును. చిత్రమేమనగా, వాన కురిసిన పిమ్మట మరల చావులు పెరుగును. వానతో దోమ వచ్చును, దోమతో చలిజ్వరము వచ్చును. ఎముకలగూడైయున్న దేహము దానిని తాళలేదు. వాన వచ్చినది, కరవు తీరినది అని కరవుపనులు మూసివేసిన అధికారులు ఈ మర్మము నెరుగక తప్పు చేసిరి.

ధాన్యము దేశమున బొత్తిగా లేకపోయెనా? అదియు కాదు. ఓడలలో మదరాసు రేవునకు బియ్యము వచ్చెను; రైళ్లు దానిని లోపలికి మోసెను. కాని ధర మూడింతలైనప్పుడు కూలివాని చేతిలో కాసు లేదు. సాలెవాని గుడ్డ కొనువాడు లేడు. బండ్లు లాగు ఎద్దులు మేతలేక చచ్చెను గనుక రైలు స్టేషనునుండి ఊరికి గింజ చేరలేదు. రైలుదారి ప్రక్కనున్న ఊరికిని, దానికి ఇరువది కోసుల దూరమున నున్న ఊరికిని చావులలో భేదము వచ్చుటకు ఇది కారణము.

1877లో రిచర్డు టెంపుల్ అను దొర గవర్నరు జనరలు పంపున వచ్చి, కరవుపని చేయువారికి దినమునకు ఒక పౌను ధాన్యమునకు సరిపడు కూలియు, పైన అరయణాయు చాలునని కట్టడి చేసెను. ఒక పౌను మన పాత తూకమున అర్ధసేరు కూడ సరిగా కాదు. ఎండలో మట్టి మోయువానికి అది యేమూల? మదరాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించెను. ఇంత తిండితో ఇంత పని చేసినవాడు నిలువడని వాదించెను. కొన్ని నెలలకు ప్రభుత్వము కూలి పెంచక తప్పలేదు. ఆ పిమ్మట 1880లో క్షామవిచారణ సంఘము తన నివేదికను సమర్పించెను. దాని ననుసరించి క్షామనిబంధనలు వ్రాయబడెను. కరవు వచ్చినప్పుడు పని ఎప్పుడు తెరువవలెను, కూలి యెంత ఈయవలెను, పని చేయలేనివారికి గంజి యెట్లు పోయవలెను అను సంగతులకు వ్రాతపూర్వకమైన నియమము మన దేశమున అప్పుడేర్పడెను. శాంతిపర్వమున భీష్ముడు కాలమునకు రాజు కారణమా, రాజునకు కాలము కారణమా యను సంశయమును తీర్చుచు రాజు వైపే వ్రేలు చూపెను. కూలి నిర్ణయించు కలములో ప్రాణములున్నవని ఆ కరవు ఋజువు చేసినది.

ఇక మన సీమకు వత్తము. కోనరావుపేట, సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతములు నాడు నిజాము రాజ్యమున ఎలగందుల జిల్లాలోనివి. 1905లో ఆ జిల్లా కరీంనగరమునకు మారెను. 1899-1900లో, వికారి నామ సంవత్సరమున, పడమటి దేశమునకు మరల మహాక్షామము వచ్చెను. నిజాము రాజ్యపు జనసంఖ్య 1891లో 1,15,37,040, 1901లో 1,11,41,142. అనగా నూటికి మూడున్నరకు లోపుగా తగ్గినది. ఇచటను సగటు మాయ చేయుచున్నది. మరాఠ్వాడాలోని బీడు జిల్లాలో రమారమి 6 లక్షల 42 వేలమంది 4 లక్షల 92 వేలకు పడిపోయిరి. నూటికి ఇరువదిమూడుగురు లేరు. ఔరంగాబాదులో నూటికి పదుముగ్గురు తగ్గిరి. అదే రాజ్యమున, అదే పదేండ్లలో, వరంగల్లు జిల్లాలో 8 లక్షల 53 వేలు 9 లక్షల 52 వేలయ్యెను.

ఈ భేదమునకు మూలము నేలలోను నీటిలోను గలదు. మరాఠ్వాడా నల్లరేగడి సీమ. ఆ నేలకు చెరువు నిలువదు. జొన్నయు ప్రత్తియు వానను నమ్ముకొని పండును. వాన తప్పెనా, అంతయు తప్పెను. తెలంగాణము రాతినేల, ఎఱ్ఱచెలక. గుట్టకు గుట్టకు నడుమ కట్ట వేసినచో నీరు నిలుచును. కాకతీయులనాటినుండి మన పెద్దలు ఊరికొక చెరువు, చెరువు క్రింద కుంట, కుంట క్రింద బావి యని గొలుసుగా కట్టిరి. పై చెరువు అలుగు పారి క్రింది చెరువును నింపును. చెరువెండినను దాని యూటతో బావి కొంతకాలము బ్రతుకును. ఒక ఏడు వాన తప్పినచో ఈ గొలుసు ఊరిని కాపాడగలదు.

అయితే మన సీమను ఊరక పొగడుకొనుట నాకు సమ్మతము కాదు. మన ఎలగందుల జిల్లాయే 1891లో రమారమి 10 లక్షల 94 వేలు. 1901లో 10 లక్షల 35 వేలు. నూటికి అయిదుగురికి పైగా తగ్గిరి. చెరువులున్న జిల్లాయే. చెరువును నింపవలసినది వాననీరే యని ఇందువలన తెలియవలెను. గోదావరి ఆనకట్టకు నీరు దూరదేశమునుండి వచ్చును. మన మూలవాగునకు, దాని చెంతనున్న చెరువులకు నీరు మన గుట్టల మీదనే కురియవలెను. ఒక ఏటి కొరతను చెరువు ఓర్చును; వెంటవెంట వచ్చు కొరతను ఓర్వలేదు. పూడిక నిండిన చెరువు ఆ మొదటి ఏటినిగూడ ఓర్వలేదు. నేడు మన మండలమందలి మల్కపేట జలాశయమునకు గోదావరి నీటిని ఎత్తి తెచ్చు ఏర్పాటును ఈ వెలుగున చూడవలెను.

నీరున్నచోట మృత్యువునకు చోటులేదని దీనివలన తీర్మానింపరాదు. 1918వ సంవత్సరము, కాలయుక్తి, ఆ భ్రమను తీర్చినది. ఆ యేడు జూనులో బొంబాయి రేవున ఇన్‌ఫ్లుయెంజా జ్వరము దిగినది. మొదటి విడత తేలికగా పోయెను. సెప్టెంబరు అక్టోబరు మాసములలో వచ్చిన రెండవ విడత ఊళ్లనూడ్చెను. సిపాయిలతోను కూలీలతోను రైలుబండ్లలో ప్రయాణము చేసి దేశమంతట పరచుకొనెను. భారతదేశమున కోటికి పైగా మరణించిరి. ముసలివారికంటె ఇరువది మొదలు నలువది యేండ్ల ప్రాయపువారే ఎక్కువగా పోయిరి. వారిలో స్త్రీలు మరింత ఎక్కువ. ఇచటను సీమభేదము గలదు. బొంబాయి రాజధానియు మధ్యపరగణాలును తీవ్రముగా దెబ్బతినెను. మదరాసు రాజధానికి అంత దెబ్బ తగులలేదు. బంగాళమున ఇంకను తక్కువ. రోగము తూర్పునకు పోయినకొలది దాని వాడి తగ్గినది. ఆ యేడు వానలును తప్పెను గనుక పడమటను మధ్యదేశమునను ఆకలి దానికి తోడయ్యెను. నిజాము రాజ్యము ఈ రెంటి నడుమ చిక్కినది. 1911లో 1,33,74,676గా నున్న జనము 1921లో 1,24,71,770 అయినది. నూటికి దాదాపు ఏడుగురు తగ్గిరి. కరవునకు చెరువు మందు; గాలిలో వచ్చు జ్వరమునకు చెరువు ఏమి చేయును? మృత్యువు మారినప్పుడు దాని పటమును మారును. ఏ కారణమున పోవుచున్నారో తెలియనిదే ఏది కాపాడునో తెలియదు.

1911 మొదలు 1921 వరకు భారతదేశమున మరణముల వడి వేయింటికి ఇంచుమించు 47. పుట్టిన బిడ్డ సగటున ఇరువదియేండ్లకు మించి బ్రతుకునను ఆశ లేదు. 1921 పిమ్మట మన జనసంఖ్య ఏనాడును వెనుకకు పోలేదు. ప్రభుత్వపు మాదిరి నమోదు లెక్కల ప్రకారము 2020లో మరణముల వడి వేయింటికి 6. మశూచి భూమిమీదనే లేకుండ పోయినది. అయినను సీమభేదము పోలేదు. అదే 2020లో పుట్టిన వేయిమంది శిశువులలో ఏడాది నిండకమునుపే చనిపోయినవారు కేరళమున 6, తెలంగాణమున 21, ఆంధ్రప్రదేశమున 24, మధ్యప్రదేశమున 43. ఫార్ పండితుని యుక్తిని ఇచట పెట్టి చూడుడు. కేరళమున ఆరుగురితో ఆగినది మనయొద్ద ఇరువదియొక్కరు వరకు పోయినచో, నడుమనున్న పదునైదుగురు శిశువుల చావును విధి మీద వేయుట న్యాయమా? ఆ పదునైదుగురును మనము కాపాడదగినవారే.

చివరగా ఒక మనవి. నిజాము కాలమున ఊరి చావుపుట్టుకల చిట్టా పోలీసు పటేలు చేతిలో నుండెడిది. 1984లో పటేలు పట్వారీల పద్ధతి పోయినది. 1969 నాటి చట్టము ప్రకారము ప్రతి జననమును, ప్రతి మరణమును 21 దినములలోపల తెలిపి వ్రాయించవలెను. పల్లెలలో ఆ పని గ్రామపంచాయతిలో జరుగుచున్నది. ఆస్తి పంపకమునకో, బీమా సొమ్మునకో కాగితము కావలసినప్పుడు తప్ప మనవారు అచటికి పోవుట తక్కువ. ఆస్తిలేని ముసలిదాని చావును, పేరు పెట్టని పసికందు చావును వ్రాయించువారు మరియు తక్కువ. అట్టి చావులే మనకు మిక్కిలి సంగతి చెప్పునవి. ఒక వాడలో ఏడాదిలో ముగ్గురు పసిపిల్లలు పోయినట్లు చిట్టాలో కనబడినచో, ఆ వాడ నీరు చూడవలెనని, ఆ తల్లులకు కాన్పు ఎక్కడ జరిగినదో అడుగవలెనని ఎవరికైనను తోచును. వ్రాయనిచో ఎవరికిని తోచదు. కాబట్టి మీ ఊరిలో చావు జరిగినప్పుడు పరామర్శకు పోయిన పెద్దలు, దినములు ముగియకమునుపే, వయస్సు ఎంత, రోగమేమి అని అడిగి వ్రాయింపుడు.

ఆనాడు ఆ ముసలమ్మతో గడి లేదని చెప్పి వచ్చితిని. ఆమె నలుగురు బిడ్డలును ఏడు నుండి మూడు తీసివేయగా వచ్చు సంఖ్యగా మాత్రమే సర్కారు కాగితములలో నిలిచిరి. వారేమై పోయిరో చదువరికి తెలియు దారి లేదు. నేడు మన పంచాయతి చిట్టాలో ఆ గడి యున్నది. దానిని ఖాళీగా విడువకుడు.